కలము పట్టిన చేయి

నేరేడ్‌మెట్ అను పేరు వినగానే నేరేడు చెట్టు మనస్సునకు వచ్చును. సికింద్రాబాదు నగరములోని ఈ పేటలో నేడు చెట్లకంటె మేడలే యెక్కువ. అయినను పేరులో చెట్టు నిలిచియున్నది. నేరేడుపండు తిన్న పిల్లవాని నాలుక ఊదారంగు తిరుగును, నోరు వగరెక్కును. ఆ వగరు పండులోనే కాదు, చెట్టు బెరడులోను కలదు. రంగుల పనివారికి ఈ వగరుతో ఎంతో పని యున్నది. వగరుగల పదార్థమును గుడ్డకు పట్టించి, దానిపై ఇనుము ఊరిన నీటిని తాకించినచో నల్లని రంగు పుట్టును. కరక్కాయకును, దానిమ్మతొక్కకును, నేరేడు బెరడునకును ఈ గుణము కలదు. బడిలో రసాయనశాస్త్రము చదువని వారెందరో ఈ రహస్యమును వందల యేండ్ల క్రిందటనే ఎరిగియుండిరి.

నేరేడ్‌మెట్ వంటి పేటలలోని బట్టల అంగళ్లయందు 'కలంకారీ' అను పేరుతో చీరలును, దుప్పట్లును, సంచులును వ్రేలాడుచుండును. వానిలో కొన్ని కలముతో వ్రాసినవి. కొన్ని చెక్క అచ్చులతో అద్దినవి. మరికొన్ని యంత్రముపై గంటకు ఎన్నో గజముల చొప్పున ముద్రింపబడినవి. పేరు మాత్రము అన్నిటికిని ఒక్కటే. దూరమునుండి చూచినచో అన్నియు ఒక్కతీరుగానే కనబడును. కాని వాని వెనుకనున్న బ్రతుకులు ఒక్కతీరువి కావు.

ప్రతి వస్త్రము వెనుకను రెండు పనులుండును. ఒకటి రూపమును ఊహించుట. రెండవది ఆ రూపమును గుడ్డపైకి తెచ్చుట. పూర్వము చాల వృత్తులలో ఈ రెండు పనులను ఒక్కడే చేయుచుండెను. నేడు ఊహించువారు పట్టణములలోను, చేయువారు గ్రామములలోను ఉన్నారు. ఊహించువారిని డిజైనర్లనియు, చేయువారిని పనివారనియు లోకము పిలుచుచున్నది. ఈ ఇరువురును కలిసి పనిచేయునపుడు ఎవరు ఎవరికి నేర్పవలెను? లాభము ఎవరిది? పేరు ఎవరిది? ఈ ప్రశ్నలకు కలంకారీ చరిత్రము చక్కని సమాధానములు చెప్పగలదు.

'కలమ్' అనగా లేఖిని. 'కారీ' అనగా పని. ఇది పారసీకమునుండి వచ్చిన మాట. తెలుగువారు దీనిని వ్రాతపని యనిరి. ఆంధ్రదేశమున ఈ కళకు రెండు ప్రసిద్ధ స్థానములు కలవు. స్వర్ణముఖీ నదీతీరమునగల శ్రీకాళహస్తిలో వెదురు కలముతో చిత్రములు వ్రాయుదురు. కృష్ణా మండలములోని మచిలీపట్టణము, పెడన ప్రాంతములలో చెక్క అచ్చులతో అద్దుదురు. మొదటిది వ్రాత, రెండవది అద్దకము. రెంటికిని ప్రాణము సహజమైన రంగులే.

శ్రీకాళహస్తి పద్ధతిని కొంచెము నిదానముగా తెలిసికొనవలెను. మొదట గంజిలేని నూలుగుడ్డను బాగుగ ఉతికి, కరక్కాయ పొడియు గేదెపాలును కలిపిన నీటిలో నానవేయుదురు. కరక్కాయలోని వగరు రంగును పట్టుకొనును. పాలలోని వెన్న రంగు ప్రక్కకు ప్రాకకుండ కాపాడును. గుడ్డ ఎండిన పిదప, కాల్చిన చింతపుల్ల బొగ్గుతో దానిపై బొమ్మను గీయుదురు. ఆ మీదట వెదురుపుల్లను సన్నగా చెక్కి, దానికి గుడ్డనో ఉన్నినో చుట్టి, దారముతో బిగించి కలము చేయుదురు. పనివాడు ఆ చుట్టను వ్రేళ్లతో మెల్లగా నొక్కుచుండగా రంగు ములికిలోనికి దిగును. నొక్కుడు ఎక్కువైనచో మరక పడును. తక్కువైనచో గీత తెగును.

నల్లరంగును కసిమి యందురు. పాత ఇనుపముక్కలను, బెల్లమును నీటిలో వేసి కొన్ని వారములపాటు ఊరనిచ్చినచో కసిమి సిద్ధమగును. దానిని చూచినచో అంత నల్లగా నుండదు. కరక్కాయ పట్టిన గుడ్డను తాకిన తరువాతనే నలుపు తేలును. ఎరుపు కథ ఇంకను విచిత్రమైనది. ఎక్కడెక్కడ ఎరుపు కావలెనో అక్కడక్కడ పటికనీటిని కలముతో పూయుదురు. పటికనీటికి రంగు లేదు. అనగా, పనివాడు తన కంటికి సరిగా కనబడని దానితో బొమ్మ వ్రాయుచున్నాడన్న మాట. పిదప గుడ్డను ఆరనిచ్చి, పారుచున్న నీటిలో జాడింతురు. నిలువనీటిలో జాడించినచో విడిపోయిన పటిక తక్కిన భాగములకు అంటుకొని బొమ్మ చెడిపోవును. అందుచేతనే ఈ పనికి నది కావలెను. తరువాత ఎఱ్ఱరంగునిచ్చు వేళ్లతోను చెక్కలతోను కలిపి గుడ్డను ఉడికింతురు. పటిక తాకిన చోట మాత్రము ఎరుపు స్థిరముగా నిలుచును. తక్కిన చోట్ల అంటిన లేతరంగును పేడనీటిలో నానవేసి, ఎండలో ఆరవేసి పోగొట్టుదురు. ఆ పైన మరల పాలు పట్టించి, పసుపు, నీలము పూయుదురు. నీలముపై పసుపు పూసినచో ఆకుపచ్చ వచ్చును.

ఈ క్రమమును గమనించినచో ఒక సత్యము తెలియును. ఈ పనిలో చేయి వేరు, బుద్ధి వేరు కాదు. ఎండ తీక్ష్ణతనుబట్టి, నీటి గుణమునుబట్టి, గుడ్డ నేతనుబట్టి ప్రతిదినమును పనివాడు ఆలోచించి నిర్ణయింపవలసి యున్నది. అతడు కేవలము ఒకరు చెప్పినదానిని చేయువాడు కాడు. అతని వ్రేళ్లలో ఒక శాస్త్రమున్నది. ఆ శాస్త్రము పుస్తకములలో లేకపోవుటచేత లోకము దానిని చదువుగా లెక్కింపలేదు. అక్కడనే పొరపాటు మొదలైనది.

దూరపు మనుష్యులు రూపమును కోరుటయు, ఇక్కడి మనుష్యులు దానిని చేయుటయు కొత్త సంగతి కాదు. పదునేడవ శతాబ్దిలో మచిలీపట్టణము గోలకొండ రాజ్యమునకు ముఖ్యమైన రేవు. 1611లో ఆంగ్ల వర్తకులు అక్కడ తమ స్థావరము నేర్పరచుకొనిరి. డచ్చివారు వారికంటె కొన్నియేండ్లు ముందుగనే వచ్చిరి. కృష్ణాతీరపు ఇసుకనేలలలో దొరకు చిరువేరు ఇచ్చు ఎరుపునకు దేశదేశములలో ఖ్యాతి యుండెను. ఉతికినకొలది తేటవారు ఆ రంగులను చూచి ఐరోపావారు ఆశ్చర్యపడిరి. అప్పటికి అంతటి గట్టిరంగులతో నూలుగుడ్డపై బొమ్మలు వేయుట వారికి తెలియదు.

1643లో లండనులోని ఈస్టిండియా కంపెనీ అధికారులు సూరతులోని తమ ఉద్యోగులకొక లేఖ వ్రాసిరి. బొమ్మలు వేసిన దుప్పట్లలో ఎఱ్ఱని నేపథ్యము తగ్గించి తెల్లని నేల ఎక్కువగా ఉంచవలసినదనియు, నడుమ పూలను కొమ్మలను చిత్రకారుని ఇష్టానుసారముగా వేయింపవలసినదనియు అందులో కోరిరి. ఈ లేఖ చిన్నదే యైనను ఆలోచింపదగినది. కొనువారి రుచిని దూరదేశపు వర్తకుడు తెలిపినాడు. కాని పువ్వు ఎట్లుండవలెనో చెప్పు భారమును చిత్రకారునికే విడిచినాడు. కొంతకాలమునకు ఈ స్వేచ్ఛ తగ్గెను. ఐరోపానుండి నమూనా కాగితములు వచ్చుట అలవాటయ్యెను.

అయినను మన పనివారు వచ్చిన నమూనాను వచ్చినట్లే దింపలేదు. పారసీకపు పూలను, చీనాదేశపు రాళ్లను, ఐరోపావారి తీగలను తమ కలముతో కలిపి కొత్తరూపములు కల్పించిరి. గుట్టపైనుండి మెలికలు తిరుగుచు లేచి, ఒక్క కొమ్మపైననే పలువిధముల పూలు పూసిన 'జీవవృక్షము' ఆ కలయికలో పండినదే. మంచముపై పరచు పలంగుపోషులలో ఆ చెట్టు ప్రపంచమంతట తిరిగెను. లండనులోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ ప్రదర్శనశాల మొదలగు చోట్ల తూర్పుతీరపు ఆనాటి వస్త్రములు నేటికిని భద్రముగా నున్నవి. వానిని కొన్న కంపెనీల పేర్లు చరిత్రలో నున్నవి. వ్రాసిన చేతుల పేర్లు మాత్రము దాదాపుగా ఎక్కడను లేవు.

ఆ వస్త్రములపై మోజు పెరిగినకొలది ఐరోపాలోని నేతగాండ్రకు భయము పుట్టెను. ఫ్రాన్సు ప్రభుత్వము 1686లో ఇట్టి బొమ్మల నూలుబట్టలను నిషేధించెను. ఇంగ్లండు 1700లో ఒక చట్టమును, 1721లో మరింత కఠినమైన చట్టమును చేసెను. నిషేధించిన వస్తువుపై ఆశ పెరుగుట లోకసహజము. కనుక, ఆ విద్యను తామే నేర్చుకొనవలెనని ఐరోపావారు తలచిరి.

దక్షిణదేశమున మతప్రచారము చేయుచుండిన కూర్దూ అను ఫ్రెంచి మతాచార్యుడు 1742లో స్వదేశమునకొక సుదీర్ఘలేఖ వ్రాసెను. అతడు గొప్ప పండితుడు, తెలుగు నేర్చినవాడు, తెలుగు, ఫ్రెంచి, సంస్కృత పదములతో నిఘంటువు కూర్చినవాడు. తనవద్ద కొత్తగా మతము పుచ్చుకొన్నవారిలో రంగులపని తెలిసినవారు కొందరుండగా, వారినడిగి, కరక్కాయ, పాలు, పటిక, చిరువేరు మొదలుగా సర్వమును క్రమముగా వ్రాసి పంపెను. అట్టి లేఖలు ఐరోపాలోని రంగుల పరిశ్రమకు పాఠములైనవి. 1759లో ఫ్రాన్సులో నిషేధము తొలగినది. 1760లో ఓబెర్‌కాంఫ్ అనునతడు జూయీ గ్రామమున బట్టలపై బొమ్మలద్దు కార్ఖానా స్థాపించెను. ఆ బట్టలు మిక్కిలి పేరు పొందెను.

విద్య ఒకచోటనుండి మరొకచోటికి ప్రవహించుట దోషము కాదు. మన రంగులవారు సయితము పారసీకులనుండి పూలను తీసికొనిరి గదా! కాని ఇచ్చిపుచ్చుకొనుటకును, పుచ్చుకొని మరచుటకును చాల భేదమున్నది. రహస్యము చెప్పిన పనివారి పేరు ఆ లేఖవలన లోకమునకు తెలియలేదు. వారికి ఎట్టి వాటాయు దక్కలేదు. పందొమ్మిదవ శతాబ్దిలో యంత్రపు గుడ్డ చౌకగా వచ్చి సంతలను నింపినపుడు, ఆ పనివారి మనుమల కలములు ఒక్కొక్కటిగా మూలబడినవి.

స్వాతంత్ర్యము వచ్చునాటికి శ్రీకాళహస్తిలో వ్రాతపని కొద్దిమంది వృద్ధుల చేతులలో మాత్రమే మిగిలియుండెను. పూర్వము దేవాలయములు పురాణకథల తెరలను వ్రాయించుచుండెను. రామాయణ భారత కథలను గళ్లుగళ్లుగా వ్రాసి, క్రింద తెలుగు అక్షరములలో వివరముంచుట ఆచారము. ఆ పోషణ సన్నగిల్లుటచే పనివారి పిల్లలు వేరు బ్రతుకుదెరువులు వెదకుకొనిరి.

ఆ సమయమున కమలాదేవీ చట్టోపాధ్యాయ ముందుకు వచ్చెను. ఆమె 1903లో మంగళూరున జన్మించినది. 1930లో ఉప్పు సత్యాగ్రహమున పాల్గొన్న ధీరురాలు. 1952లో అఖిలభారత హస్తకళల మండలి ఏర్పడగా ఆమె దానికి నాయకత్వము వహించెను. పల్లెపల్లెకును తిరిగి, ఆరిపోవుచున్న వృత్తులను వెదకిన వ్యక్తి ఆమె. 1957లో శ్రీకాళహస్తిలో కలంకారీ శిక్షణకేంద్రము స్థాపింపబడెను. మిగిలియున్న పాతపనివారే అందులో కొత్తతరమునకు కలము పట్టుట నేర్పిరి.

ఈ సంగతిలోని సారమును విద్యార్థులు గుర్తింపవలెను. ప్రభుత్వము పనివారికి ధనము పంచి ఊరకుండవచ్చును. లేదా పట్టణమునుండి పండితులను పంపి, "మీరిట్లు చేయుడు" అని చెప్పింపవచ్చును. అట్లు చేయక, పనివానిని గురుపీఠముపై కూర్చుండబెట్టుట జరిగినది. అంతకుమునుపు కూలివానిగా చూడబడినవాడు ఉపాధ్యాయుడయ్యెను. శ్రీకాళహస్తికి చెందిన జొన్నలగడ్డ గుర్రప్పశెట్టి తన తండ్రివద్ద ఈ కళను నేర్చి, అనేకులకు నేర్పి, 2008లో పద్మశ్రీ గౌరవమును పొందెను. పూర్వము పురుషులకే పరిమితమై యుండిన ఈ పనిలోనికి తరువాతి కాలమున స్త్రీలు ఎక్కువగా వచ్చిరి. అనితారెడ్డి ఆధ్వర్యమున 'ద్వారక' అను సంస్థ శ్రీకాళహస్తి ప్రాంతపు స్త్రీలకు వ్రాతపని నేర్పి, పని కల్పించెను. ఆమెకు 2011లో పద్మశ్రీ లభించెను.

అదే కాలమున రూపకల్పన అను విద్యయు మన దేశమున వేరూనెను. 1958లో అమెరికాకు చెందిన చార్లెస్ ఈమ్స్, రే ఈమ్స్ అను దంపతులు భారతప్రభుత్వమునకొక నివేదిక సమర్పించిరి. అందులో వారు మెచ్చుకొన్న వస్తువు ఏ గొప్ప యంత్రమో కాదు. మన ఇండ్లలోని చెంబు. చేతికి పట్టు, నడుముపై నిలుపుట, నీరు ఒలుకుట, బరువు, శుభ్రపరచుట, ధర మొదలగు వందల విషయములను ఆలోచించినగాని అట్టి రూపము రాదనియు, దానిని ఒక్కరు కాక ఎన్నో తరములవారు తీర్చిదిద్దిరనియు వారు గ్రహించిరి. 1961లో అహమ్మదాబాదున జాతీయ డిజైను సంస్థ స్థాపింపబడెను. 1995లో హైదరాబాదున వస్త్రవిన్యాసమునకు జాతీయ విద్యాసంస్థ యొకటి ఏర్పడెను. ఇట్టి సంస్థల విద్యార్థులు చేతివృత్తుల గ్రామములకు పోయి, పనివారితో కలిసి ఉండి నేర్చుకొనుట వారి చదువులో భాగమైనది.

కలయిక ఎట్లు జరుగవలెనో తెలియుటకు ఒక సంఘటనను ఊహింపుడు. నేరేడ్‌మెట్‌లో పెరిగిన యువతి యొకతె రూపకల్పన చదివినది. ఆమె కంప్యూటరుపై ఒక చీరను చిత్రించి, ఆ కాగితముతో శ్రీకాళహస్తికి పోయినది. సన్నని బూడిదరంగు గీతలు, విశాలమైన ఎఱ్ఱని నేల, నలుబది చీరలు, అన్నిటను ఒకే ఛాయ. ఇది ఆమె కోరిక. వృద్ధుడైన పనివాడొకడు ఆ కాగితమును చాలసేపు చూచెను.

"అయ్యా, ఇదే ఎరుపు నలభై చీరలకూ రావాలి. పదిహేను రోజుల్లో ఇవ్వగలరా?" అని ఆమె అడిగినది.

"అమ్మా, ఎరుపు నేనొక్కణ్ణే వేసేది కాదు. పటికా, ఏటినీళ్ళూ, ఎండా కలిసి ఇచ్చేది. మబ్బు పట్టిన నాటి ఎరుపు వేరు, ఎండ కాసిన నాటి ఎరుపు వేరు. మీరు నాలుగు రోజులు ఇక్కడే ఉండి చూడండి. తర్వాత మీరే చెప్పండి" అని అతడు సమాధానమిచ్చెను.

ఆమె నిలిచినది, చూచినది. కసిమి గుడ్డపై కొంచెము విచ్చుకొనును గనుక వెండ్రుకవంటి గీతలు అంతటను నిలువవని గ్రహించినది. విశాలమైన ఎఱ్ఱని నేలలో పటిక హెచ్చుతగ్గులు మచ్చలుగా తేలునని కన్నులార చూచినది. నల్లని దళసరి గీత అందమునకు మాత్రమే కాదు, ఒక రంగును మరియొక రంగునుండి వేరుచేయు గట్టు అని తెలిసికొన్నది. తన కాగితమును మడిచి సంచిలో పెట్టి, మరల గీయుట మొదలుపెట్టినది.

ఇంతవరకు నేర్చుకొన్నది ఆమెయే. కాని నేర్చుకొనుట ఒకవైపే జరిగినచో అదియు సంపూర్ణమైన కలయిక కాదు. పనివాడు తన అలవాటుచొప్పున, దేవాలయపు తెరలో వలె, పెద్దబొమ్మను గుడ్డకు నడుమ వ్రాయబోయెను.

"అయ్యా, చీరలో ఆ భాగం కుచ్చిళ్ళలోకి పోతుంది. ఇంత కష్టపడి వ్రాసిన నెమలి మడతల్లో దాగిపోతుంది. కొంగుమీదికి తెస్తే పదిమందీ చూస్తారు" అని ఆమె చెప్పినది.

అతడు నవ్వి, "అరవై యేళ్ళుగా గుడ్డమీద వ్రాస్తున్నాను. కట్టుకొనే దాని సంగతి మీరే చెప్పాలమ్మా" అనెను. పిమ్మట ఇరువురును మరియొక విషయము చర్చించిరి. కట్టుకొను చీరపై, అందులోను పాదములకు దగ్గరగా, దేవతామూర్తి ఉండవచ్చునా? అతనికి మనసొప్పలేదు. ఆమె అతని మాటను మన్నించినది. అంచునకు లతలు, నడుమ చిన్నపూలు, కొంగున చెట్టు, చెట్టుపై నెమళ్లు అని నిశ్చయమయ్యెను. నలుబది చీరలలో ఏ రెండింటి ఎరుపును సరిగా ఒక్కటి కాదు. ఆ భేదమును దోషముగా దాచక, చేతిపనికి గుర్తుగా కొనువారికి తెలుపవలెనని ఆమె నిర్ణయించినది.

ఇట్టి కలయికలో చివరి పరీక్ష లెక్కల పుస్తకములో నుండును. ఆ చీర పట్టణమున గొప్ప ధరకు అమ్ముడుపోయినదనుకొనుడు. ఆ ధరలో వ్రాసిన చేతికి ఎంత చేరెను? నాలుగు దినములు ఎండలో నిలిచి గుడ్డ జాడించిన స్త్రీకి ఎంత దక్కెను? వాన కురిసి పని ఆగిన దినములకు ఎవరు బాధ్యులు? చెడిపోయిన గుడ్డ నష్టము ఎవరిది? ఈ ప్రశ్నలు చీర అందముకంటె తక్కువవి కావు. కూలి చాలక తండ్రి తన కుమారునికి కలము నీయక వేరుపనికి పంపినచో, నూరు చిత్రపటములు ప్రదర్శనశాలలలో నుండియు ఆ విద్య నశించినట్లే.

పేరు విషయమును అట్టిదే. చీరపై డిజైనరు పేరు చీటీగా కుట్టబడును. చిత్రకారుడు తాను వ్రాసిన పటముపై సంతకము చేయును. కలము పట్టినవారి పేరు మాత్రము గుడ్డపై ఏల ఉండకూడదు? వస్తువు పుట్టిన ఊరి పేరును కాపాడుటకు మన దేశమున 1999లో భౌగోళిక సూచికల చట్టము చేయబడి, 2003లో అమలునకు వచ్చెను. శ్రీకాళహస్తి కలంకారీయు, మచిలీపట్టణపు కలంకారీయు ఆ చట్టము క్రింద నమోదైనవి. దానివలన ఊరి పేరునకు రక్షణ కలిగినది. మనిషి పేరును నిలుపుట మాత్రము కలిసి పనిచేయువారి ధర్మబుద్ధిపై ఆధారపడి యున్నది.

యంత్రముపై ముద్రించిన గుడ్డను కొనుట పాపము కాదు. పేదవారికి చౌకగుడ్డ అవసరమే. ఆ గుడ్డకు చేతిపని పేరు పెట్టి అమ్ముటయే అన్యాయము. ఆ పేరు వెనుక ఎందరి శ్రమయో ఉన్నది. కొనువారు కొంచెము శ్రద్ధ వహించినచో భేదమును గుర్తింపగలరు. గుడ్డను తిరగవేసి చూడవలెను. చేతితో వ్రాసిన రంగు వెనుకకును చాలవరకు దిగియుండును. గీతలను గమనింపవలెను, కలపు గీత ఒకచోట లావుగను, ఒకచోట సన్నగను నడచును. ఒకే పువ్వు పదిచోట్ల ఏ మార్పును లేక ఉన్నచో అది కలపు పని కాదు. అచ్చుపనిలో అచ్చు అతుకుచోట కొంచెము తేడా కనబడును. కొత్త వ్రాతగుడ్డకు పాలు, కరక్కాయ కలిసిన ఒక మట్టివాసన యుండును. వీనినన్నిటిని చూచిన పిమ్మట, "దీనిని ఎవరు వ్రాసిరి?" అని అంగడివానిని అడుగవలెను. పదిమంది అడిగిన ప్రశ్నకు పదునొకండవవానికైనను జవాబు సిద్ధముగా ఉండును.

విద్యార్థులలో కొందరు రేపు డిజైనర్లు కావచ్చును. కొందరు వర్తకులు కావచ్చును. కొందరు అధికారులు కావచ్చును. కమ్మరి, కుమ్మరి, సాలె, వడ్రంగి మొదలగు పనివారితో కలిసి పనిచేయు అవకాశము అందరికిని ఏదో ఒకనాడు కలుగును. అప్పుడు కాగితము చేతబట్టుకొని పోవుట తప్పు కాదు. దానిని మడిచి సంచిలో పెట్టుట తెలియకపోవుటయే తప్పు. మొదట వారి పనిని చూడవలెను. పిదప తమకు తెలిసినదానిని చెప్పవలెను. వచ్చిన ధనమును న్యాయముగా పంచుకొనవలెను. చివరకు వస్త్రపు మూలన సంతకము చేయువేళ కలమును, అది ఎవరి చేతిలో నున్నదో వారికే విడువవలెను.